ముంపు రాకముందే వీధులు పంచుకోండి: విపత్తులో అధికారులు, స్వచ్ఛంద సంస్థలు కలిసి పనిచేసే పద్ధతి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగినప్పుడు సాయానికి కొదవ లేదు. ఎక్కడెక్కడి నుంచో వ్యాన్లలో భోజనం ప్యాకెట్లు వచ్చాయి. ప్రభుత్వం హెలికాప్టర్లు, డ్రోన్లు కూడా దింపింది. అయినా మెయిన్ రోడ్డు మీదున్నవాళ్లకు ఒక పూటకి రెండు మూడు ప్యాకెట్లు దొరికితే, లోపలి సందుల్లో మేడల మీద చిక్కుకున్నవాళ్లకు మంచినీళ్లు చేరడానికే ఆలస్యమైంది. ఏ వరదలో చూసినా ఇదే తంతు. ఇచ్చేవాళ్ల మనసులో లోపం లేదు. ఏ సందు ఎవరి బాధ్యతో ముందే తేల్చుకోలేదు, అంతే.

మామూలుగా మన దగ్గర పంపకం ఇలా జరుగుతుంది: "మీరు దుప్పట్లు చూసుకోండి, మేం బియ్యం ఇస్తాం, వాళ్లు పాలు తెస్తారు." వినడానికి బాగుంటుంది గానీ, నీళ్లొచ్చిన రోజున ముగ్గురూ కారు పోయేంత దూరం పోయి అక్కడే పంచి వచ్చేస్తారు. దీనికి బదులు ప్రాంతాన్ని పంచుకోవాలి. నాలుగు వీధులు ఒక సంస్థవి అంటే, ఆ నాలుగు వీధుల్లో ఆకలైనా జ్వరమైనా పాము దూరినా మొదటి ఫోను ఆ సంస్థకే రావాలి. కింద రాసిందంతా ఈ ఒక్క పద్ధతిని నడిపించడం గురించే. కలెక్టరేట్‌లో, మున్సిపాలిటీలో, తహసీల్దార్ ఆఫీసులో పనిచేసేవాళ్లకూ, ట్రస్టులు, యువజన సంఘాలు, గుడి, మసీదు, చర్చి కమిటీలు నడిపేవాళ్లకూ పనికొస్తుంది.

1. ముందు ఎవరి తలుపు తట్టాలో తెలుసుకోండి

విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉంటుంది. దానికి కలెక్టరే అధ్యక్షుడు. జిల్లా పరిషత్ ఛైర్‌పర్సన్ సహాధ్యక్షులు. ఆ సంస్థ జిల్లా ప్రణాళిక రాసి ఏటా సరిచూడాలని చట్టంలోనే ఉంది. స్వచ్ఛంద సంస్థలు మొదట అడగాల్సింది ఆ ప్రణాళిక కాపీనే. అందులో ముంపు ప్రాంతాల జాబితా, పునరావాస కేంద్రాల జాబితా ఉంటాయి. చాలాచోట్ల పాత ఫోన్ నంబర్లు, బదిలీ అయిపోయిన అధికారుల పేర్లు కూడా ఉంటాయి. వాటిని సరిచేసి ఇవ్వడమే మీ మొదటి సేవ అనుకోండి.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకో మూడు సెక్షన్లు గుర్తుపెట్టుకోండి. సాయం ఇవ్వడంలో కులం, మతం, లింగం పేరుతో వివక్ష చూపకూడదని 61వ సెక్షన్ చెబుతుంది. సహాయ సామగ్రినీ డబ్బునూ స్వాహా చేస్తే 53వ సెక్షన్ కింద రెండేళ్ల వరకూ జైలు. అవసరమైతే వాహనాలను, భవనాలను స్వాధీనం చేసుకునే అధికారం 65వ సెక్షన్ కింద ఉంది. ఈ మూడోది తెలియక, మీరు మాట్లాడి పెట్టుకున్న ట్రాక్టర్లే సరిగ్గా ఆ రోజున రెవెన్యూ వాళ్లు తీసుకుపోతే గొడవ పడొద్దు. మీ వాహనాల నంబర్లు ముందే రాసిస్తే ఆ తలనొప్పి ఉండదు.

ఎవరికీ తోచని దగ్గరి దారి ఒకటుంది. రెడ్‌క్రాస్ జిల్లా శాఖకు సాధారణంగా కలెక్టరే అధ్యక్షుడిగా ఉంటారు. అంటే ప్రభుత్వానికీ స్వచ్ఛంద సేవకూ మధ్య వంతెన ముందే కట్టి ఉంది. రిజిస్ట్రేషన్ లేని చిన్న యువజన సంఘాలు నేరుగా కలెక్టరేట్ మెట్లెక్కే బదులు, రెడ్‌క్రాస్ ద్వారానో పెద్ద సంస్థ నీడలోనో రావడం తేలిక.

2. ఎండాకాలంలోనే కూర్చోండి

మన దగ్గర జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. కాబట్టి సమావేశం మే నెలలో పెట్టాలి. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చాక ఏ అధికారికీ మీతో కూర్చునే తీరిక ఉండదు, ఉండకూడదు కూడా.

సమావేశానికి ఎవరు రావాలి? సంస్థల అధ్యక్షులు, గౌరవ సలహాదారులు వస్తే శాలువాలతో సరిపోతుంది. పని చేసేవాళ్లు కావాలి: తహసీల్దార్, మున్సిపల్ కమిషనర్ లేదా ఎంపీడీవో, గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగులు, ఎస్సై, పీహెచ్‌సీ డాక్టరు, అగ్నిమాపక అధికారి, పశువైద్యుడు, డ్వాక్రా సమాఖ్య నాయకురాళ్లు, సంస్థల నుంచి బండి వెనకాల ఎక్కి వెళ్లే మనుషులు. తెలంగాణలోనైతే పంచాయతీ కార్యదర్శులు, వార్డు అధికారులు, మహిళా సంఘాలు.

ఆ రోజు తేలాల్సినవి పెద్దగా లేవు. ప్రభుత్వం తరఫున అన్నిటికీ బాధ్యుడిగా ఒక నోడల్ అధికారి, ఆయన లేకపోతే పలికే రెండో మనిషి. సంస్థలన్నిటి తరఫున ఒక కన్వీనర్. ఒక పేజీ ఒప్పంద పత్రం. వాలంటీర్లకు గుర్తింపు కార్డులు, బండ్లకు పాసులు ఎవరి సంతకంతో ఇస్తారన్నది. ఈ పాసుల సంగతి చిన్నదే అనిపిస్తుంది. బారికేడ్ దగ్గర కానిస్టేబుల్ ఆపేస్తే వండిన అన్నం వ్యాన్‌లోనే పాచిపోయేది పాసు లేకపోవడం వల్లే.

3. మ్యాప్ ముందు వేసుకుని వీధులు పంచుకోండి

అసలు పని ఇక్కడుంది, కాబట్టి దీనికి ఒక పూర్తి రోజు కేటాయించండి.

వార్డు మ్యాప్ పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించండి. ఇంతకుముందు నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ వీధిలో పాతికేళ్లుగా ఉంటున్నవాళ్ల చేతే గీత గీయించండి. ఇంజినీర్లు ఎత్తుపల్లాలు కొలిచిన కాంటూరు లెక్క ఒకటి ఉంటుంది, గోడ మీద మిగిలిన బురద చార ఇంకొకటి చెబుతుంది. రెండూ పెట్టుకోండి. ఆ తర్వాత మ్యాప్‌ను ముక్కలు చేయండి. వీధుల కొలతతో కాకుండా, ఒక పడవ ఒక పూటలో తిరిగి రాగలిగినంత మేర ఒక ముక్క అనుకుంటే సరిపోతుంది.

ఒక్కో ముక్కకు ముగ్గురు మనుషుల పేర్లు రాయాలి: సచివాలయ ఉద్యోగి, సంస్థ బాధ్యుడు, ఆ వీధిలోనే ఉండే మనిషి. ఈ మూడో పేరు వదిలేస్తే మొత్తం పద్ధతే కూలిపోతుంది. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్ నగర్ వంతెన మీద జనం చిక్కుకుపోతే, వాళ్లను బయటికి తెచ్చింది ఒక జేసీబీ డ్రైవరు. అలాంటి తెగువ చూపమని ఎవరికీ చెప్పలేం, చెప్పకూడదు. కానీ జేసీబీ ఎవరి దగ్గరుంది, పడవ ఎవరికుంది, ఎవరి మేడ గట్టిది అన్నవి వీధిలో మనిషికి తెలిసినట్టు ఏ ఆఫీసుకూ తెలియవు.

ముక్కకు ఒక పేజీ చొప్పున ఈ వివరాలు రాసిపెట్టుకోండి. ఎన్ని ఇళ్లు, అద్దెకుండేవాళ్లు ఎన్ని కుటుంబాలు. మంచం పట్టినవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, ఇన్సులిన్ వాడేవాళ్లు. గేదెలు, మేకలు ఎన్ని. పడవ ఆగే చోటు. సరుకు దించి పెట్టుకోవడానికి ఎత్తయిన మిద్దె ఎవరిది, తాళం ఎవరి దగ్గర. గర్భిణుల వివరాలు ఏఎన్ఎం, ఆశా కార్యకర్తల దగ్గర ఎప్పుడూ తాజాగా ఉంటాయి. ఇంకోసారి సర్వే అంటూ జనాన్ని విసిగించొద్దు.

అందరూ తేలికైన వీధులే కోరుకుంటారు. మెయిన్ రోడ్డు పక్కన ఫొటోలు బాగా వస్తాయి. కట్ట కింద గుడిసెలు, కాలువ అవతల కాలనీ ఎవరూ ఎత్తుకోరు. అవి చీటీలు వేయకుండా పెద్ద సంస్థలకు నోడల్ అధికారే అప్పగించాలి. ఒప్పుకోని సంస్థ పేరు జాబితాలోంచి తీసేయడమే మంచిది.

4. ఫోన్లు పనిచేయని రోజు కోసం ఒక చోటు, ఒక వేళ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటూ పోయింది, సెల్ టవర్లూ పోయాయి. రోజుల తరబడి ఎవరెక్కడున్నారో తెలియలేదు. వాట్సాప్ గ్రూపే ప్రణాళిక అనుకున్నవాళ్లు ఆ సంగతి ఒక్కసారి తలుచుకోవాలి. కాబట్టి ముందే అనుకోండి: ఫలానా స్కూల్లో, పొద్దున ఏడు గంటలకు, సాయంత్రం ఆరు గంటలకు అందరం కలుస్తాం. ఫోను వచ్చినా రాకపోయినా కలుస్తాం. మ్యాపులు, పేజీలు కాగితం మీద, ప్లాస్టిక్ కవర్లో ఉండాలి.

ఫోన్లు పనిచేస్తే రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070, జిల్లాది 1077, అత్యవసరానికి 112.

మొదటి ఇరవై నాలుగు గంటల్లో మనుషుల్ని బయటికి తీసే పని జాతీయ విపత్తు దళం ఎన్డీఆర్ఎఫ్‌ది, రాష్ట్ర దళం ఎస్డీఆర్ఎఫ్‌ది, అగ్నిమాపక శాఖది. గన్నవరం దగ్గర కొండపావులూరులో ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ ఉంది. వాళ్లకు కావాల్సింది దారి చూపించే మనిషి. మీ దగ్గరున్న పేజీ ఇక్కడ అక్కరకొస్తుంది: ఏ ఇంట్లో కదల్లేని మనిషి ఉన్నాడో చెప్పండి చాలు. ఈత వచ్చని నీళ్లలోకి దూకే కుర్రాళ్లను ఆపడం కూడా సంస్థ బాధ్యతే. విపత్తు వాలంటీర్లకు ప్రభుత్వం ఇచ్చే 'ఆపద మిత్ర' శిక్షణ తీసుకున్నవాళ్లుంటే వాళ్లను వేరుగా జాబితా రాసి నోడల్ అధికారికి ఇవ్వండి. మత్స్యకారుల సంగతి వేరు. 2018 కేరళ వరదల్లో వాళ్ల పడవలను లారీల మీద ఎక్కించుకుని వెళ్లి వేలమందిని కాపాడారు. మన తీరంలోనూ పడవలున్నాయి, నడిపే చేతులున్నాయి. లారీ ఎవరు పెట్టాలి, డీజిలు ఎవరు పోయాలి, పడవ దెబ్బతింటే నష్టం ఎవరు కట్టాలి అన్నది మాత్రం మే నెల సమావేశంలోనే తేలిపోవాలి.

5. సాయంత్రం సమావేశం అరగంట మించొద్దు

గోడకు ఒక చార్టు. ఎడమ పక్కన ముక్కల పేర్లు, పైన నాలుగే గడులు: భోజనం, నీళ్లు, మందులు, ఇంకా చేరనివాళ్లు. నాలుగో గడి నింపకుండా ఎవరూ లేవకూడదు. "ఈ రోజు మూడు వేల ప్యాకెట్లు పంచాం" అన్న మాటకు అక్కడ చోటు లేదు. "మా ముక్కలో రెండు సందులకి పడవ వెళ్లడం లేదు సార్, కరెంటు తీగలు వేలాడుతున్నాయి" అన్న మాట కావాలి. ఆ మాట విన్న వెంటనే విద్యుత్ శాఖ మనిషి పక్కనే ఉండాలి.

సోషల్ మీడియాలో వచ్చే "కాపాడండి" మెసేజ్‌లతో జాగ్రత్త. కేరళలో ప్రభుత్వ ఐటీ మిషన్, వాలంటీర్ ఇంజినీర్లు కలిసి వెబ్‌సైట్ పెట్టి అభ్యర్థనలన్నీ ఒకచోట చేర్చారు. మంచి పనే. కానీ మనుషులు క్షేమంగా బయటపడిన తర్వాత కూడా పాత మెసేజ్‌లు తిరుగుతూనే ఉండేవి. అందుకని ప్రతి అభ్యర్థనకూ తేదీ, వేళ రాయాలి. పని అయిపోగానే ఎవరు మూసేశారో పేరు రాసి కొట్టేయాలి.

కొత్తగా బయటి ఊళ్ల నుంచి వచ్చే సంస్థలకు కూడా ఈ సమావేశమే ద్వారం. "సార్, మా దగ్గర రెండు వేల ప్యాకెట్లున్నాయి, ఎక్కడ పంచమంటారు?" అని వాళ్లు అడుగుతారు. చార్టు చూపించి ఖాళీగా ఉన్న ముక్క ఇవ్వండి. అక్కడికి వెళ్లనంటే, వండకుండా ఉన్న సరుకును గోడౌన్‌లో దించి రశీదు తీసుకెళ్లమనండి.

6. ఏమివ్వాలి, ఎంతివ్వాలి

పడవ మీద వెళ్లే భోజనమంటే పులిహోరే. సాంబారన్నం, పెరుగన్నం మధ్యాహ్నానికి వండితే సాయంత్రానికి వాసన వస్తాయి. పులిహోరకు చింతపండు పులుపు, నూనె ఉంటాయి కాబట్టి కాస్త ఆగుతుంది. అయినా వేడివేడిగా ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే ఆవిరికి అదీ పాడవుతుంది. గుడ్డ మీద ఆరబోసి, ఆకులోనో కాగితంలోనో కట్టి, ప్యాకెట్ మీద వండిన వేళ రాయండి. వేళ రాయని ప్యాకెట్‌ను పడవ ఎక్కించొద్దు. పసిపిల్లలకు పులిహోర పనికిరాదు. పాలు, బిస్కెట్లు, అటుకులు విడిగా పెట్టుకోవాలి. ఇంకా అడగడానికి మొహమాటపడేవి కొన్నుంటాయి: శానిటరీ ప్యాడ్లు, లోదుస్తులు, పెద్దవాళ్లకు డైపర్లు. వీటిని డ్వాక్రా మహిళల చేత పంపించండి.

పాత బట్టలు మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. తడిసి, కుప్పలుగా పడి, చివరికి మున్సిపాలిటీ వాళ్లు ఎత్తిపోయాల్సిన చెత్తవుతాయి.

పునరావాస కేంద్రానికి వచ్చేసరికి ఊహలతో పని లేదు. ప్రపంచమంతా సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలున్నాయి. మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్లు, పడుకోవడానికి 3.5 చదరపు మీటర్లు, మొదట్లో 50 మందికి ఒక మరుగుదొడ్డి, కుదురుకున్నాక 20 మందికి ఒకటి. అయిదు వందల మంది ఉన్న హైస్కూల్లో లెక్క వేయండి. రోజుకి 7,500 లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటిన్నర సార్లు. మరుగుదొడ్లు మొదట పది, తర్వాత ఇరవై అయిదు. 20 అడుగులు, 24 అడుగుల తరగతి గదిలో పట్టేది పన్నెండు మందే. మనం మామూలుగా ఎంతమందిని కుక్కుతామో మీకు తెలుసు. రాత్రి మరుగుదొడ్డి దారిలో లైటు, ఆడవాళ్లకు వేరే గది, గడియ పడే తలుపు. ఈ మూడింటినీ రోజూ ఒక మహిళ వెళ్లి చూసిరావాలి.

తోడు లేని పిల్లలు కనిపిస్తే దయతలచి ఎవరింటికీ పంపొద్దు. 1098కి చెప్పి, బాలల సంక్షేమ కమిటీకి అప్పగించాలి.

7. డబ్బు దగ్గర తేడా రాకూడదు

సరుకుకు ఒక స్టాక్ రిజిస్టర్, ప్రతి కదలికకూ సచివాలయ ఉద్యోగి, సంస్థ బాధ్యుడు ఇద్దరి సంతకాలు. ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలియక ఇరుక్కునేవి వేరే ఉన్నాయి.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన తెలుగువాళ్లు వెంటనే డబ్బు పంపుతామంటారు. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. దాన్ని విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి ఉన్న సంస్థే, ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే తీసుకోవాలి. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి కూడా వీల్లేదు. పెద్ద సంస్థ తీసుకుని చిన్న సంస్థకు ఇచ్చే పాత పద్ధతి ఇక్కడ నేరమవుతుంది. విదేశీ విరాళం తీసుకున్న సంస్థే స్వయంగా ఖర్చు పెట్టాలి. చిన్న సంస్థ మనుషులు పని చేస్తే చాలు, డబ్బు చేతులు మారకూడదు.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధులకు విపత్తు సహాయం, పునరావాసం అర్హమైన పనులే. అయితే ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చినది సీఎస్ఆర్ లెక్కలోకి రాదు. కంపెనీ వాళ్లు అడిగితే ఈ సంగతి ముందే చెప్పేయండి, ఏడాది చివర మాట పడక్కర్లేదు.

మరొక్క మాట, బ్యానర్ల గురించి. ప్యాకెట్ మీద పేరు వేసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ తీసుకునే మనిషి మొహం ఫొటోలో పడకూడదని ఒప్పంద పత్రంలోనే రాసుకోండి. ఈ షరతుకు దాతలు కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి.

8. నీళ్లు తీశాక మొదలయ్యే పని

కెమెరాలు వెళ్లిపోయాక బురద మిగులుతుంది. విజయవాడలో ఫైరింజన్లతో ఇళ్లు కడిగించారు. ఇంజన్ ప్రభుత్వానిది, ఇంట్లో సామాను బయటపెట్టి మళ్లీ లోపల పెట్టే చేతులు వాలంటీర్లవి అయితే పని రెండింతలు సాగుతుంది. బ్లీచింగ్, ట్యాంకుల శుభ్రత, దోమతెరలు, జ్వరాల శిబిరం, పశువులకు గడ్డి, టీకాలు ఈ వారంలోనే.

ఆ వెంటనే ఎన్యూమరేషన్, అంటే ఇంటింటి నష్టం నమోదు మొదలవుతుంది. స్వచ్ఛంద సంస్థలు ఎక్కువగా వదిలేసేది దీన్నే, బాధితుడికి జీవితాంతం గుర్తుండేదీ ఇదే. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మునిగిన కింది అంతస్తు ఇంటికి రూ.25,000, పై అంతస్తులకు రూ.10,000 ప్రకటించింది. ఇలాంటప్పుడు ఎవరి పేరు రాయాలి, ఇంటి యజమానిదా, అద్దెకుండి సామాను పోగొట్టుకున్న కుటుంబానిదా? తలుపు తాళం వేసి చుట్టాలింటికి వెళ్లినవాళ్ల సంగతేంటి? మే నెలలో రాసిన పేజీలో అద్దె కుటుంబాల లెక్క ఉంటే ఇప్పుడు పనికొస్తుంది. దాన్ని ఎన్యూమరేషన్ బృందానికి సాక్ష్యంగా ఇవ్వొచ్చు. నిర్ణయం మాత్రం అధికారిదే, ఆ గీత దాటొద్దు.

గుజరాత్‌లో 2001 భూకంపం తర్వాత కచ్‌లో స్వచ్ఛంద సంస్థల సమాఖ్య 'అభియాన్' కొన్ని ఊళ్లకు ఒకటి చొప్పున 'సేతు' కేంద్రాలు పెట్టింది. ప్రభుత్వ ఉత్తర్వులు ఊరివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం, ఊరివాళ్ల ఇబ్బందులు ప్రభుత్వానికి చేర్చడం వాటి పని. మన దగ్గర అంత హంగు అక్కర్లేదు. సచివాలయం వరండాలో ఒక టేబుల్, అప్లికేషన్ రాయగలిగిన ఇద్దరు కాలేజీ పిల్లలు, ఒక జిరాక్స్ మిషన్ ఉంటే సగం పని అయినట్టే. తడిసిపోయిన రేషన్ కార్డు, ఆధార్, పట్టాదారు పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లకు డూప్లికేట్లు తీసుకోవడంలో సాయపడండి. జాబితాలో పేరు రానివాళ్లకు అభ్యంతరం రాసిపెట్టండి, అందినట్టు సంతకం తీసుకోండి, గడువు తేదీ పెద్ద అక్షరాలతో గోడకు అంటించండి. ఆధార్ జిరాక్సులు సంస్థ దగ్గర దాచుకోవద్దు, బాధితుల జాబితాలు వాట్సాప్‌లో పెట్టొద్దు.

9. ఎప్పుడు తప్పుకోవాలి

వీధిలో కిరాణా కొట్టు తెరిచి, కుళాయి వచ్చి, కూలి పని దొరుకుతుంటే ఉచిత భోజనం ఆపేయాలి. ఇంకా కొనసాగిస్తే ఆ కొట్టువాడికి బేరం ఉండదు, అతనూ మునిగినవాడే. ఆపే తేదీ రెండు రోజుల ముందే చెప్పండి. ఒంటరి వృద్ధులు, పని చేయలేనివాళ్ల పేర్లు మాత్రం విడిగా రాసి సచివాలయానికి అప్పగించండి.

మిగిలిన సరుకు ప్రభుత్వ హాస్టల్‌కో, అంగన్‌వాడీకో రశీదు మీద ఇచ్చేయొచ్చు. మిగిలిన డబ్బు గురించి దాతలకు ముందు చెప్పి, వాళ్లు ఒప్పుకుంటేనే వచ్చే ఏడాది లైఫ్ జాకెట్లకో టార్పాలిన్లకో వాడండి. వచ్చినదెంత, పోయినదెంత, మిగిలినదెంత అన్న ఒక పేజీ లెక్క, కన్వీనర్, నోడల్ అధికారి ఇద్దరి సంతకాలతో సచివాలయం నోటీసు బోర్డుకు అంటించండి. అందులో ఏ ముక్కకు ఏ రోజున మొదటి సాయం చేరిందో కూడా రాయండి. ఆలస్యమైన ముక్కలు ఏవో అక్కడే తెలిసిపోతాయి. మే నెల సమావేశంలో ముందుగా చర్చించాల్సినవి అవే.